కుంచము క్రింది దీపమా, వీధిలోని బూరయా?

సొంతముగా పాటలు కట్టి ఇంటర్నెట్టులో వినిపింపగోరు యౌవనుల కొరకు పాఠము

పాఠ్యభాగములు: మత్తయి 5:14–16, మత్తయి 6:1–4, లూకా 14:28–30, సామెతలు 11:1.



కొన్ని వారముల క్రిందట యౌవనుల కూటములో ఒక చిన్నవాడు లేచి నన్నొక ప్రశ్న యడిగెను. "అయ్యగారూ, నాను పాట కట్టి యూట్యూబులో పెట్టినాను. ఇనండి ఇనండి అని అందరికీ పంపతన్నాను. గొప్పలు సెప్పుకుంతన్నావని మా నాన్న కేకలేస్తన్నాడు. తప్పేటండి?" అనెను. కూటములో కొందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఎందుకనగా ఆ ప్రశ్న మా యింటిలో రెండేండ్లుగా ఉన్నది, దానికి మేము కొంత రొక్కము కూడ చెల్లించియున్నాము.

పైని చెప్పిన మొదటి రెండు భాగములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి. ఒకచోట ప్రభువు దీపమును వెలిగించి కుంచము క్రింద పెట్టవద్దనుచున్నాడు. ఒక అధ్యాయము దాటగానే, ధర్మము చేయుచు ముందర బూర ఊదింపవద్దనుచున్నాడు. ఈ రెండును ఒకే కొండమీద, ఒకే ప్రసంగములో చెప్పబడినవి. పైకి చూచిన ఒకటి చూపుమనుచున్నది, రెండవది దాచుమనుచున్నది. అయితే దీపము పెట్టువాడు ఇంటిలోనివారు త్రోవ చూచుకొనవలెనని పెట్టును. బూర ఊదించువాడు జనులు తన్ను చూడవలెనని ఊదించును. చేయి ఒక్కటే గాని చూపు వేరు. కాబట్టి ఆ చిన్నవాని తండ్రిగారి భయము వట్టి భయము కాదు, కాని పాటను దాచుకొనుమని కొడుకునకు చెప్పుట సరియైన మందు కాదని నా అభిప్రాయము.

పాటను నలుగురిలోనికి పంపుట మన ప్రాంతమునకు క్రొత్త పని కాదు. పర్లాకిమిడి దగ్గర 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారిని తలంచుకొనుడి. బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, తెలుగులో పాండిత్యము సంపాదించి, 1833లో కటకములో బాప్తిస్మము పొంది, 1890లో కన్నుమూసిరి. వారి కాలమునకు మన ఊళ్లలో గ్రామఫోను లేదు, రేడియో లేదు. జనులెరిగిన రాగతాళములలో కట్టుటచేత విన్నవారు పాడుకొనిరి, పాడినవారిని విని ప్రక్క ఊరివారు నేర్చుకొనిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూచిన, సామాన్యముగా కీర్తనకు ఒక సంఖ్య, రాగము, తాళము, రచయిత పేరు అచ్చువేసియుండును. ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొనుడి. దీనియొద్దకు మరల వచ్చెదను.

తరువాతి కాలములో పాటకు ద్వారపాలకులు వచ్చిరి. విజయనగరములో మహారాజావారి సంగీత కళాశాల 1919లో స్థాపింపబడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దాని మొదటి అధ్యక్షులు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ ఊరికి వచ్చి, మధుకరమెత్తుకొని కడుపు నింపుకొనుచు అచ్చట చదివిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనను చేరదీసి నేర్పిరి. 1935లో విజయనగరముననే పుట్టిన సుశీలగారును ఆ కళాశాలలోనే నేర్చుకొనిరి. ఇంత విద్య ఉండియు ఇద్దరును మద్రాసు పోవలసివచ్చెను. ఎందుకనగా పాటను ఊరు దాటించు తలుపులు గ్రామఫోను కంపెనీ, రేడియో స్టేషను, సినిమా, ఇవే. విజయవాడ రేడియో కేంద్రము 1948లో వచ్చెను. మనకు దగ్గరగా విశాఖపట్టణ కేంద్రము వచ్చునప్పటికి 1963.

ఇప్పుడు ఆ తలుపులయొద్ద కావలివారు లేరు. 2005లో యూట్యూబు పుట్టెను. 2019లో స్పాటిఫై మన దేశమునకు వచ్చెను. పాలకొండలోని బాలుడు తన గదిలోనుండి లోకమంతటికి పాట పంపవచ్చును. అయితే తలుపు తీసియున్నప్పుడు అందరును లోపలికి వత్తురు గదా! 2023 నాటి లెక్కనుబట్టి ఇట్టి స్థలములలోనికి లోకమంతటినుండి దినమునకు లక్షకు పైగా క్రొత్త పాటలు చేరుచుండెను. మద్రాసులో కావలివానిని బ్రతిమాలుట ఒక కష్టము. సంతలో లక్షమంది నడుమ నిలువబడి పాడుట మరియొక కష్టము.

ఇక మా యింటి సంగతి చెప్పెదను. నా మేనల్లుడు పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో లెక్కలు వ్రాయును. కంఠము మంచిది. రెండేండ్ల క్రిందట తానే వ్రాసి, తానే వరుస కట్టిన పాటను రికార్డు చేయించెను. అందుకు వాని తల్లి, అనగా నా చెల్లెలు, తన చెవికమ్మలు తాకట్టు పెట్టి 18,000 రూపాయలు తెచ్చియిచ్చెను. నన్నడిగియుండిన వలదందును, గాని అడుగలేదు. లూకా సువార్తలో గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ఉన్నది. లెక్కలు వ్రాయుటే పనిగానున్న మావాడు ఆ ఒక్క లెక్క చూచుకొనలేదు.

మొదటి దెబ్బ పాట పెట్టిన గంటలోనే తగిలెను. పాటలో ఒక వేణువు ముక్క కలదు. దానిని రికార్డు చేసినవారు ఎక్కడనుండియో దింపుకొని అతికించిరి. యూట్యూబులో కంటెంట్ ఐడీ అను యంత్రమొకటి కలదు. హక్కుదారులు ముందుగా అప్పగించిన సంగీతముతో క్రొత్తగా వచ్చు ప్రతి పాటను అది పోల్చి చూచును. పోలిక దొరికినయెడల ఆ పాటను ఆపవలెనా, దానిమీద వచ్చు ప్రకటనల సొమ్ము తామే తీసికొనవలెనా, ఊరక లెక్కలు చూచుకొనవలెనా అనునది హక్కుదారుని యిష్టము. మావాని పాటమీది సొమ్ము హక్కు నాలుగు క్షణముల వేణువునకు పోయెను. కమ్మలు పెట్టి చేయించిన పాట!

కాబట్టి యౌవనులారా, హక్కుల సంగతి ముందు నేర్చుకొనుడి. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత బ్రతికినంత కాలమును, మరణించిన తరువాత 60 సంవత్సరములును అతని రచనకు హక్కుండును. చౌదరిగారు 1890లో పోయిరి గనుక వారి కీర్తనలను ఎవరైనను పాడి పెట్టవచ్చును. కాని నిరుడు ఒకరు ఆ కీర్తననే వాద్యములతో రికార్డు చేసినయెడల ఆ రికార్డు వారిది. దానిపై మీ గొంతు కలిపి మీదని చెప్పరాదు. సినిమా వరుసలకు మన మాటలు కూర్చి పాడు అలవాటు మన సంఘములలో చాల కాలముగా ఉన్నది. గుడిలో పాడుకొన్నప్పుడు ఎవరును అడుగలేదు గాని ఇంటర్నెట్టులో పెట్టిన తక్షణమే యంత్రము పట్టుకొనును. నిజము చెప్పవలెనంటే ఆ అలవాటు ఈ కారణముచేతనైనను తగ్గిన నాకు సంతోషమే. మీరే పద్యము వ్రాసి మీరే వరుస కట్టినయెడల ఆ రెండు హక్కులును మీవే. 2012లో చట్టమును సవరించినప్పుడు పాట వ్రాసినవారికి, స్వరపరచినవారికి రాయల్టీలో భాగము ఉండితీరవలెనని చేర్చిరి. ఆ సొమ్ము వసూలుచేసి పంచుటకు ఐ.పి.ఆర్.యస్. అను సంఘము 1969నుండి ఉన్నది. కాగితముమీద సంతకము పెట్టమని ఎవరైనను అడిగినప్పుడు, దేనిని అమ్ముచున్నారో ఒకటికి రెండుసార్లు చదువుకొనుడి.

రెండవ దెబ్బ ఇంతకంటె సిగ్గైనది. వినువారు రాలేదని దిగులుపడియున్నప్పుడు, నగరమునుండి ఒకరు ఫోను చేసి, కొంత సొమ్ము పంపినయెడల వేలకు వేలమంది చూచునట్లు చేసెదమనిరి. వారి పేరు చెప్పను. మావాడు జీతములోనుండి పంపెను. ఎనిమిది దినములలో అంకె అరవైవేలు దాటెను. ఇంటిలో పండుగ. నాకును గర్వముగానే ఉండెను, ఒప్పుకొనుచున్నాను. మరుసటి నెలలో ఆ అంకె కరగిపోయెను. అవి మనుష్యులు చూచినవి కావు. యూట్యూబువారు ఇట్టివాటిని కనిపెట్టి తీసివేయుదురు. అది వారి నిబంధనలకు విరుద్ధము. స్పాటిఫై అయితే 2024నుండి ఇట్టి దొంగ వినుకలు మితిమీరిన పాటలకు పంపిణీదారులవద్ద జరిమానా వసూలుచేయుచున్నది. "ఏటి మావయ్యా, అరవై వేల మంది ఇన్నారన్నారు, ఒక్కడూ మనోడు నేడు" అని వాడు నా యెదుట కూర్చుండి ఏడ్చెను.

సామెతలు 11వ అధ్యాయము మొదటి వచనములోని దొంగ త్రాసు కిరాణా కొట్టులోనే ఉండునని మనము అనుకొందుము. అంకెను పెంచి చూపుటయు ఆ త్రాసే. పైగా దానివలన పాటకే కీడు కలుగును. ఎవరు ఎంతసేపు విన్నారో చూచి ఆ యంత్రము పాటను మరికొందరికి చూపును. మూడు క్షణములు ఉండి పోవు దొంగ శ్రోతలు వేలకొలది వచ్చినయెడల, ఈ పాటను ఎవరును నిలిచి వినుట లేదని అది నేర్చుకొనును. పొరుగువాడు వినగోరినను వానియొద్దకు చేర్చదు.

అప్పుడు మేమిద్దరము యూట్యూబు స్టూడియో అను పుటను తెరచి, నిజముగా విన్నవారు ఎక్కడ లేచిపోయిరో చూచితిమి. పాట మొదట నలువదియైదు క్షణముల ఆర్భాటము కలదు. మావాని పేరు మూడు రంగులలో తిరుగును, ఆకాశమునుండి తీసిన వంశధార చిత్రము, సహాయము చేసినవారి పేర్లు. వినవచ్చినవారిలో ఎక్కువమంది పాట మొదలుకాకమునుపే వెళ్ళిపోయిరి! బూర ఊదుచుండగా జనులు లేచిపోయిరన్నమాట. దానిని తీసివేసి, రెండవ పాటను జముకు దరువుతో నేరుగా మొదలుపెట్టితిమి. జముకుల కథ విని పెరిగిన మనవారికి ఆ దరువు వినగానే చెవి నిలుచును. ఖర్చు కూడ లేదు. రాత్రి పంకాలు ఆపి, గది గోడలకు దుప్పట్లు వ్రేలాడగట్టి, ఫోనును విమాన మోడులో పెట్టి పాడించితిమి. గుడిలో పాడించుట వలదంటిని. రేకుల కప్పునకు మాట మ్రోగి అక్షరము చెడును.

భాషను గూర్చి ఒక మాట. మొదటి పాటలో వాడు బెజవాడ యాసను అరువు తెచ్చుకొనెను. ఎందుకురా అని అడిగితిని. మన మాట మోటుగా ఉండునట. పార్వతీపురము దగ్గరి పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావుగారు, 2020 ఆగష్టు 4న మరణించు వరకు, ఆ మోటు మాటలోనే వందలకొలది పాటలు కట్టిరి. ఆయన త్రోవ మన త్రోవ కాదు. అయినను ఆయన పాట రాష్ట్రమంతట మ్రోగెనని ఎవరు కాదనగలరు? 2020లో వచ్చిన పలాస 1978 అను సినిమాలోని నక్కిలీసు గొలుసు పాటయు ఈ నేల మాటతోనే ఊరూరు తిరిగెను. వినువాడు తన అమ్మ మాటను విన్నచోట నిలుచును.

ఇక కీర్తనల పుస్తకములోని సంఖ్య, రాగము, రచయిత పేరునొద్దకు మరల వచ్చుచున్నాను. స్పాటిఫై, జియోసావన్ వంటి స్థలములకు ఒంటరి గాయకుడు పాటను ఎక్కించుటకు సామాన్యముగా పంపిణీదారులు కావలెను. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ అట్టివారు. రుసుము ఎట్లు తీసికొందురో ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి, చదివి చేరవలెను. వారు పాట పేరు, పాడినవారు, వ్రాసినవారు, స్వరపరచినవారు, భాష అడుగుదురు. ప్రతి రికార్డునకు ఐ.యస్.ఆర్.సి. అను 12 అక్షరములు, అంకెల గుర్తు కూడ ఉండును. మనవారు ఇవి విసుగుతో నింపుదురు. మావాడు తన పేరును ఇంగ్లీషు అక్షరములలో మూడు పాటలకు మూడు విధములుగా వ్రాసెను. అందుచేత ముగ్గురు గాయకులుగా లెక్క పడెను! పేరు ఒక్క తీరుగా వ్రాయుడి. పాట పేరును తెలుగు లిపిలోను, ఇంగ్లీషు లిపిలోను కూడ పెట్టుడి, ఏలయనగా మనవారు తెలుగు పాటను వెదకునప్పుడును తరచుగా ఇంగ్లీషు అక్షరములే కొట్టుదురు. పాట మాటలను క్రింద వ్రాయుడి. నేర్చుకొని తమ సంఘములో పాడగోరువారికి అదే కావలెను. పాడించుకొనిన పాట విన్న పాటకంటె ఎక్కువ దినములు బ్రతుకును.

వాట్సప్పును గూర్చి కూడ చెప్పవలెను, ఏలయనగా పేచీలన్నియు అక్కడే. పాటనే ఫైలుగా పంపినయెడల అది చేతులు మారి మారి, నాలుగవ చేతికి పోవునప్పటికి పాడినవాని పేరు ఉండదు, విన్నవారి లెక్కయు ఉండదు. అందుచేత పాటను గాక దాని చిరునామాను, అనగా లింకును పంపవలెను. త్యాగరాజస్వామి తన పేరును కీర్తన చివర చరణములోనే పెట్టుకొనెను. ఆయనకు ఈ సంగతి ముందే తెలిసినట్లున్నది! పంపు విధానము కూడ ముఖ్యము. 2018నుండి మన దేశములో ఒక సందేశమును ఒకసారికి ఐదు చోట్లకు మించి ముందుకు పంపనియ్యరు. ఇది మంచిదే. మూడువందలమందికి ఒక్కసారి విసరుట బూర. పదిమందికి వారి పేరు పిలిచి, "పెద్దమ్మా, మీ ఆయన పోయినప్పుడు మీరు పాడుకొన్న వరుసలోనే కట్టినాను, వినండి" అని వ్రాయుట దీపము. మావాని రెండవ పాట ఇట్లే నడిచెను.

గాలి వీచి ఒక్క రాత్రిలో లోకమంతట తెలిసినవారు లేరా అని అడుగుదురు. ఉన్నారు. 2018లో తూర్పు గోదావరి జిల్లా వడిసలేరులో పసల బేబి అను గ్రామీణ స్త్రీ ప్రేమికుడు సినిమాలోని పాటను పాడగా ఒకరు ఫోనులో తీసిరి. ఆ పాటకు స్వరకర్తయైన ఏ.ఆర్. రెహమాన్‌గారే దానిని తన పుటలో పంచుకొనిరి. ఆమె ఆ గాలిని పిలువలేదు, పాడుకొనుచుండగా వచ్చెను. దానిని నమ్ముకొని కమ్మలు తాకట్టు పెట్టరాదు.

కావున లెక్క చూతము. ప్రకటనల సొమ్ములో భాగము పొందుటకు యూట్యూబులో 1,000 మంది చందాదారులును, 12 నెలలలో 4,000 గంటల వీక్షణమును ఉండవలెను. చిన్న వీడియోలకైతే 90 దినములలో కోటి వీక్షణములు అను వేరు లెక్క కలదు. నాలుగువేల గంటలనగా ఐదు నిమిషముల పాటను మొదటినుండి చివరివరకు 48,000 సార్లు వినుట. సగములో లేచిపోయినయెడల దానికి రెట్టింపు. అంతయు దాటిన తరువాత పెద్ద వీడియోలమీద వచ్చు ప్రకటనల సొమ్ములో నూటికి 55 వంతులు పాడినవానివి. స్పాటిఫైలో 2024నుండి ఒక పాటను 12 నెలలలో 1,000 సార్లైనను వినకపోయినయెడల దానికి రాయల్టీ లెక్కకే రాదు. ఇది నిరుత్సాహపరచుటకు చెప్పుట లేదు. కార్ఖానా జీతమును మానుకొనవద్దని, అప్పుచేయవద్దని చెప్పుచున్నాను. మా చెల్లెలి కమ్మలు విడిపింపబడినవి. ఏడు నెలల జీతములోనుండి విడిపింపబడినవి గాని పాటలోనుండి కాదు.

ఆ రెండవ పాటను ఇప్పటికి రెండువేల చిల్లరసార్లు వినిరి. అరవైవేలు చూచిన కండ్లకు ఇది చిన్న అంకె. అయితే ఒక సాయంకాలము వాడు ఏ ఊళ్లవారు వినుచున్నారో చూచుచు, "మావయ్యా, ఈ పోర్టుబ్లేరు ఏటి?" అనెను. విశాఖపట్టణము, హైదరాబాదు తరువాత ఆ పేరుండెను. అండమానులోని పోర్టుబ్లేరునకు మన శ్రీకాకుళము వైపునుండి ఎన్ని కుటుంబములు బ్రదుకుతెరువుకు పోయినవో వానికి తెలియదు. ఖరగపూరు రైల్వేకు పోయినవారు, వేరావలులో పడవలెక్కువారు, వీరందరును మన మాట వినక నెలలు గడుపుదురు. వాడు ఆ రాత్రి పాట క్రింద వ్రాసిన మాటలను ఒక్కొక్కటిగా చదివెను. ఒకామె, తన తల్లి పాడు వరుస ఇదేననియు, మరల మరల పెట్టుకొని వినుచున్నాననియు వ్రాసెను. మావాడు ఆమెకు జవాబు వ్రాసి, తల్లి ఏ ఊరివారని అడిగెను. నౌపడవారట.

ఈ యేడు క్రిస్మసు పాటను వాడు అక్టోబరులోపల ముగింపవలెనని నేను పట్టుబట్టితిని. పంపిణీదారులద్వారా అన్ని చోట్లకు చేరుటకు దినములు పట్టును. స్పాటిఫైవారి పాటల పట్టికలకు మనవి చేసికొనుటకు విడుదలకు 7 దినములైనను ముందుండవలెను. డిసెంబరు 23న పెట్టిన క్రిస్మసు పాటను నేర్చుకొనుటకు ఏ గాయకబృందమునకు తీరిక ఉండును? వాని తండ్రి తరపు తాత జముకు వాయించును. చేతులు వణకుచున్నవని మొదట రానన్నాడు. ఆ పాటను పోర్టుబ్లేరువారు విందురని చెప్పగా, తన తమ్ముడు అక్కడనే ఉన్నాడని, ఇరువదేండ్లుగా చూడలేదని చెప్పి, జముకునకు క్రొత్త తోలు వేయించుటకు టెక్కలి పోయినాడు.